ఆఫ్రికా సంచిలో పెద్దబాపు గొంగడి

నా చిన్నప్పుడు నన్ను బాగా తికమక పెట్టిన ప్రశ్ననే ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నాను. మీ సంచిలో ఉన్న ప్రతి వస్తువునూ మీరే పెట్టుకున్నారా, లేక ఎవరి భయాన్నో బట్టల మడతల్లో దాచుకుని మోస్తున్నారా? నా మీద కోపం తెచ్చుకోకండి. వారం రోజులుగా ఈ ప్రశ్న నన్నే తింటున్నది.

వచ్చే నెల నేనూ మా చెల్లె ఆఫ్రికా అడవులు చూడబోతున్నాం. నేను నల్గొండలో ఏళ్ల తరబడి సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. చెల్లె జడ్చర్లలో ఉంటుంది. యాత్ర ఏర్పాటు చేసినవాళ్లు ఏమేం సర్దుకోవాలో ఒక జాబితా పంపారు. చక్రాల పెట్టె వద్దట, మెత్తని గుడ్డసంచి తేవాలట. పదిహేను కిలోలు మించకూడదట. ప్లాస్టిక్ సంచులు ఒక్కటి కూడా ఉండొద్దట. స్వెటర్ తప్పనిసరి అట. ఎండకు పేరుపడ్డ ఖండానికి స్వెటర్ ఎందుకో నాకు అర్థం కాలేదు. అన్నిటికన్నా చివర, నలుపు, ముదురు నీలం బట్టలు వేసుకోవద్దని రాశారు. అది చదవగానే నాకు మండింది. నల్లచీర కట్టుకుంటే అరిష్టమనే వాళ్లతో బడిలో, పెళ్లిళ్లలో, ఆఖరికి చావు ఇళ్లలో కూడా వాదించినదాన్ని నేను. ఆఫ్రికా దాకా పోయి ఈ మాట వినాలా? పెన్ను తీసి ఆ వరుస కొట్టేశాను.

ఇంతలో వీధివాళ్లు వచ్చారు. ఒకరు నిమ్మకాయలు తెచ్చారు, ఒకరు నల్లదారం తెచ్చారు, ఇంకొకరు సింహాల నుంచి కాపాడుతుందంటూ రేకు మీద చెక్కిన యంత్రం తెచ్చారు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ వాళ్ల ముఖాల్లో ప్రేమ ఉంది. ఏది ప్రేమ, ఏది భయం, ఏది అవసరం అని విడదీయలేక మంచం మీద ఖాళీ సంచి ముందు అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు మా పెద్దబాపు గుర్తొచ్చాడు.

మా ఊరు మక్తల్ దగ్గర. జొన్నకోతలు అయిపోతే గొర్రెలకు ఊళ్లో మేత ఉండేది కాదు. అందుకని మా బాపుకు అన్న, మా పెద్దబాపు, ఏటా శివరాత్రి దాటగానే మందను తోలుకుని నల్లమల వైపు నడిచేవాడు. పెద్దమ్మ వంటకు వెంట పోయేది. ఆ ఏడు నాకు పదేళ్లు. నల్లమలలో పులి ఉంటుందని విన్న రోజు నుంచి నేనూ వస్తానని ఏడుపు మొదలుపెట్టాను. పది రోజులు బడి ఎగ్గొడితే కొంపలు మునగవని బాపు ఒప్పుకున్నాడు. పదో రోజు తనే బస్సులో వచ్చి నన్ను తీసుకుపోతానన్నాడు. పెద్దబాపు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"నీ మూట నువ్వే మొయ్యాలె బిడ్డా. దొడ్డి సుట్టు మూడు సుట్లు దించకుంట తిరుగు. తిరిగితే నా ఎంబడి వస్తవు, లేకుంటే ఇంటికాడనే," అన్నాడు.

మొదటి మజిలీ దాకా గింజలు మోసే ఎడ్లబండి వస్తుందనీ, మరునాడు పొద్దున అది ఊరికి మళ్లుతుందనీ, అక్కడికి నేను డీలా పడితే ఆ బండిలోనే వెనక్కి పంపిస్తాననీ ముందే చెప్పాడు. కాబట్టి నా పులి మొత్తం ఆ మూట మీదే ఆధారపడి ఉంది.

మూట నేను కట్టానంటే అబద్ధం. ఇల్లంతా కలిసి కట్టింది. మా అవ్వ, అడవి రాగానే మెడలో కట్టుకొమ్మని, పులి కోసం తాయెత్తు పెట్టింది, దిష్టికి మూడు నిమ్మకాయలు పెట్టింది, ఇబూది పొట్లం పెట్టింది. ఎండదెబ్బ తగలకుండా ఒక ఉల్లిగడ్డను గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకొమ్మంది. ఎట్టి పరిస్థితుల్లోనూ తినొద్దని, వేడిని అది గుంజుకుంటుందని నాతో ఒట్టు వేయించుకుంది. అమ్మ జాతరకు కుట్టించిన పట్టులంగా పెట్టింది, దారిలో చుట్టాలు కనిపిస్తే పరువు పోకూడదని. దాని పక్కన బరువైన ఇత్తడి చెంబు. బాపు తెలుగువాచకం పెట్టాడు. పెద్దబాపు వచ్చి ఒక చిన్న గొంగడీ నీళ్లు నింపిన సొరబుర్రా పక్కన పెట్టి పోయాడు.

రెండో చుట్టులోనే నా మెడ వంగిపోయింది. ఏదో ఒకటి తీసేయాలి. ఏది? లంగా తీస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. తాయెత్తు తీస్తే అవ్వ శాపనార్థాలు పెడుతుంది, పైగా పులి తినేస్తుంది. పుస్తకం తీస్తే బాపు అసలు పోనివ్వడు. ఎవరూ అలగని వస్తువులు రెండే కనిపించాయి. గొంగడిని ముళ్లకంప మీద వేశాను, సొరబుర్రను దాని కింద పెట్టాను. మూడో చుట్టు పరుగెత్తినట్టే తిరిగాను. పెద్దబాపు దడి దగ్గర తాడు పేనుతూ అంతా చూశాడు. మరునాడు తెల్లవారుతుండగా బయలుదేరినప్పుడు ఆయన భుజం మీద రెండు గొంగళ్లు ఉన్నాయి, చేతిలో రెండు బుర్రలు ఉన్నాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పెద్దబాపు మందను ఒక గుట్ట నీడలో ఆపి నాకు బుర్ర అందించాడు. పెద్దమ్మ జొన్నరొట్టెలు విప్పింది. పెద్దబాపు నా నడుము వైపు చెయ్యి చాచాడు. ఏమిటో తెలిసేలోపే గుడ్డ విప్పి, ఉల్లిగడ్డను రాయి మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. సగం నా రొట్టెలో పెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. అవ్వకు వేసిన ఒట్టు చెప్పాను. ఆయన నమిలి మింగాక నింపాదిగా అన్నాడు: "ఇందాకటిదాంక ఉత్తగ ఊగింది. గిప్పుడు పని చేస్తాంది."

భయంభయంగా తిన్నాను. సాయంత్రం దాకా కళ్లు తిరుగుతాయని ఎదురుచూశాను. తిరగలేదు. మరి నన్ను కాపాడిందేమిటని అడిగితే, నీడలో కూర్చున్నాం, నీళ్లు తాగాం, ఎండ మెత్తబడ్డాక లేచాం, అంతేనన్నాడు. ఆ మాట మరీ చిన్నదిగా అనిపించింది. అంత పెద్ద ఎండకు ఇంత చిన్న జవాబా అని నా అనుమానం. అవ్వ చెప్పిందే నిజమేమో, తిన్న ఉల్లిగడ్డ కూడా లోపలి నుంచే వేడిని గుంజుతున్నదేమో అని కూడా అనుకున్నాను.

మరునాడు తెల్లవారుజామున చలికి పళ్లు కొట్టుకుంటూ లేచాను. పగలు అంత కాల్చిన నేల ఐసుముక్కలా ఉంది. పెద్దబాపు నిప్పు రాజేస్తూ, "నీ మూటల ఏమేమున్నయో కప్పుకో," అన్నాడు. పట్టులంగా కప్పుకున్నాను. వణుకు ఆగలేదు. ఆయన మరి కాసేపు చూసి, రెండో గొంగడి తెచ్చి నా మీద వేశాడు. బండివాడు ఎడ్లను కడుతున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

పెద్దబాపు నా మూటను నేల మీద విప్పించాడు. ఒక్కొక్క వస్తువును చేత్తో ఎత్తి చూపించి, ఇది ఏం పని చేస్తదో చెప్పమన్నాడు. నేను కాదు, వస్తువే చెప్పాలన్నట్టు దాని వైపే చూసేవాడు. నిమ్మకాయలను పెద్దమ్మ అడిగి తీసుకుంది, మజ్జిగలోకి. పుస్తకం ఉండనిమ్మన్నాడు, బడి ఎగ్గొట్టావు కాబట్టి. లంగా చూసి, గొర్రెలు పట్టు గుర్తుపట్టవు బిడ్డా అని నవ్వాడు. చెంబు, ఇబూది పక్కన పడ్డాయి. తాయెత్తు ఎత్తగానే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పులి నుంచి కాపాడేది అదొక్కటేనని బతిమాలాను.

"నీ తాయెత్తు సంగతి పులికి ఎవలు జెప్పిన్రు?" అన్నాడు.

మంద విడిచి ఒంటరిగా పోవద్దనీ, తన కేక వినబడేంత దూరంలోనే ఉండమనీ చెప్పాడు. పక్కన పడ్డ వస్తువులన్నీ పాత మూటగుడ్డలోనే కట్టి బండిలో వేశాడు. నేను కూడా బండి ఎక్కబోయాను.

"మూట ఇంటికి పోతది. నువ్వు నా ఎంబడి రా," అన్నాడు.

తర్వాత ఊళ్లో జరిగింది బాపు చెప్తే తెలిసింది. బండిలోంచి మూట దిగింది, పిల్ల దిగలేదు. తాయెత్తు చూసి మా అవ్వ గుండెలు బాదుకుని వాకిట్లో కూలబడిందట. పిల్ల బాగానే ఉందని బండివాడు చెప్తున్నా సగం వాడ పోగయ్యేదాకా వినలేదట. మేం తిరిగి వచ్చాక అవ్వ పెద్దబాపుతో ఏడాది మాట్లాడలేదు. ఆమె కన్నీళ్లు నిజం. ఆమె తాయెత్తు ఉత్తది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా కాలేదు.

పులి కనిపించలేదు. ఒక వాగు ఒడ్డున తడి ఇసుకలో దాని అడుగు కనిపించింది, నా రెండు అరచేతులంత. చెయ్యి దానంతటదే మెడకు పోయింది. అక్కడ ఏమీ లేదు. కాళ్లు మాత్రం పెద్దబాపు కేక వినబడుతున్న వైపు నడిచాయి.

ఇది గుర్తొచ్చాక లేచి జాబితా మళ్లీ పట్టుకున్నాను. వస్తువులతో పాటు నియమాలను కూడా అడగాలని తోచింది. యాత్రవాళ్లకు ఫోన్ చేశాను. పొద్దున్నే పైకప్పు తెరిచిన జీపులో తిరుగుతారట, ఆ గాలికి వణుకు పుడుతుందట, స్వెటర్ అందుకట. గొర్రెల దగ్గర నేను వణికిన చలే అది. ముదురు నీలం, నలుపు మీద ఒక రకం ఈగ వాలుతుందట, దాని కాటు ప్రమాదమట. అంటే కారణం అడగకుండా కొట్టేసింది నేను. కారణం అడగకుండా నమ్మడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. సిగ్గుపడి, కొట్టేసిన వరుసను మళ్లీ రాశాను. నిమ్మకాయలు పులిహోరకు వాడాను. దారం, యంత్రం ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చి, ఎందుకో కూర్చోబెట్టి చెప్పాను. ఒకరు అలిగారు.

సంచి సిద్ధమైందనుకుని చెల్లెను తూకానికి పిలిచాను. పదిహేడు కిలోలు. చెల్లె సంచి అడుగు నుంచి ఒక వస్తువు లాగింది. పెద్దబాపు పోయాక నేను అడిగి తెచ్చుకున్న ఆయన గొంగడి. అన్నిటికన్నా ముందు పెట్టింది అదే.

"గిది ఏం పని చేస్తది అక్కా?" అంది.

చలికి అన్నాను. స్వెటర్ ఉంది కదా అంది. నల్లగా ఉంది, ఈగలు వాలుతాయి అంది. అది నా వెంట ఉంటే ధైర్యం అనబోయి నోరు మూసుకున్నాను. ఈ మాట ఎక్కడ విన్నానో నాకు బాగా తెలుసు. నల్గొండ జిల్లా అంతా తాయెత్తుల మీద ఉపన్యాసాలిచ్చి, మూడు కిలోల తాయెత్తు నేనే మోయబోయాను. కళ్లు తడిశాయి. గొంగడి మడిచి బీరువాలో పెట్టాను. సంచి పద్నాలుగు కిలోలకు దిగింది. తేలికైందో, ఖాళీ అయిందో చెప్పలేను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం బరువు లేకుండా నా వెంట వస్తున్నది.

ఇక మీరు లేవండి. ఎక్కడికి పోతున్నా సరే, మీ సంచిని నేల మీద బోర్లించండి. ఒక్కొక్కదాన్నీ ఎత్తి, ఏం పని చేస్తావని అడగండి. జవాబు చెప్పనిదాన్ని ఇవాళే బయట పెట్టండి. మొదట మీకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని అడగండి.