కప్పలకు హీటరు, నాకు చన్నీళ్లు

మా తమ్ముడు చెట్టుకప్పలను పెంచుతున్నాడు. బోధన్‌లో చలి పెరిగిందని పొద్దున వాటి అద్దాల పెట్టెకు హీటరు బిగించాడు. దాని కోసం నా గీజరు ప్లగ్గు పీకేశాడు. నేను చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ పూజకు కూర్చున్నాను.

"గీజరు ఎందుకు తీసినవ్‌రా?"

"చలికి కప్పలు సస్తయక్కా!"

"మరి నేను?"

"నీకు దేవుడున్నడు గదక్కా. పాపం, గవాటికి ఎవరున్నరు?"

చిన్నప్పుడు వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, ఇంటింటా దాని మీద చన్నీళ్లు పోయించింది వీడే. ఆ పాపాన్ని ఇప్పుడు నా నెత్తిన నీళ్లు పోసి కడుక్కుంటున్నాడు.

సాయంత్రం కరెంటు పోయింది. తమ్ముడు ఇంట్లో లేడు. నా శాలువా తీసి ఆ పెట్టెకు చుట్టాను.

ఈ ఇంట్లో కప్పగా పుట్టాలంటే ఏ నోము నోచుకోవాలో తెలిసినవారు చెప్పండి.