పోపు పెట్టని ఇల్లు

హోటల్లో పనిచేసేవాళ్ళకు తిండికేం తక్కువ అనుకుంటారు జనం. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద భోజన హోటల్లో సప్లయర్‌గా చేరిన రోజు నుంచీ వింటూనే ఉన్నాను. "నీకేమయ్యా బ్రహ్మం, రోజూ పెళ్ళి భోజనమే!" అనని మనిషి లేడు. పొద్దున్నుంచీ ఆ పెళ్ళి పొయ్యి ముందు నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మా మారయ్య మాస్టర్‌నే తీసుకోండి. ఆయనదీ నాదీ పోచంపల్లి పక్కన ఒకే ఊరు. మగ్గం కూడు పెట్టడం లేదని పట్నమొచ్చి, ఆయన గరిటె పట్టాడు, నేను పళ్ళేలు పట్టాను. ఆయన చేసే గుత్తివంకాయ కోసం ఎల్బీనగర్ నుంచి స్కూటర్ల మీద వచ్చేవాళ్ళు. అంతటి మనిషి మధ్యాహ్నం మూడయ్యేసరికి వంటింట్లోంచి బయటపడి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "ఒరే బ్రహ్మం, పోపు వాసన నా గొంతుల కూసున్నదిరా. గా కూర నా ముందు పెడితే కక్కుకుంట" అనేవాడు. అబద్ధం కాదు. పొద్దంతా ఆ పొగ పీల్చినవాడికి ఆకలి దంచేస్తుంది గానీ ఆ తిండి మీదికి చెయ్యి పోదు.

అందుకే మేము బుచ్చవ్వ ఇంటికి పోయేవాళ్ళం.

అది గడ్డిఅన్నారం వెనక. పండ్ల మార్కెట్ అక్కడికి వచ్చిన కొత్త. నిన్న జొన్నచేను ఉన్నచోట ఇవాళ సున్నం గీతలు, కళ్ళు మూసి తెరిచేలోగా డాబా మీద టీవీ యాంటెనా. బుచ్చవ్వ వాళ్ళ పొలం కూడా అట్లాగే ప్లాట్లయిపోయింది. మరుదులు హయత్‌నగర్ వైపు మేడలు కట్టుకుని పోయారు. భర్త పోయిన బుచ్చవ్వ మాత్రం తన పెంకుటిల్లు, పొడుగాటి అరుగు, ఒక బర్రెతో ఆ డాబాల మధ్య కదలకుండా కూర్చుంది. ఒక ఎండాకాలం మా మారయ్య ఆ అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడట. ఆమె మజ్జిగ పోసి, గట్క పెట్టి, తినమంది. మర్నాడు ఆయన నన్ను లాక్కుపోయాడు. ఆ తర్వాత టిఫిన్ సెంటర్‌లో దోసెలు పోసే చక్రపాణి వచ్చాడు, మిలటరీ హోటల్లో మటన్ వండే బక్కయ్య వచ్చాడు.

అక్కడ ఏముండేదని అడుగుతారేమో. జొన్నరవ్వ మెత్తగా ఉడికించిన గట్క, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, మజ్జిగ. ఆమెకు మనసు పుడితే ఉడికించిన పప్పులో ఇంత ఉప్పు, ఇంత కారం. ఆ ఇంట్లో ఆవాలు చిటపటమన్న చప్పుడు మేమెన్నడూ వినలేదు. ఆ చల్లటి పచ్చిపులుసు గొంతులోకి దిగుతుంటే, అబ్బ, ప్రాణం లేచొచ్చేది. విశ్వాసం లేని నాలుకలు కదా మావి, హాయిగా తింటూనే ఎగతాళి చేసేవాళ్ళం.

"అవ్వా, పోపు పెట్టుడు నీకెవ్వరూ నేర్పలేదా?" అనేవాడు బక్కయ్య.

"నీ నోట్ల మన్నువడ! తిని పళ్ళెం కడుగు" అనేది బుచ్చవ్వ.

"నిన్ను కోడలిగ తెచ్చుకున్న అత్త నిజంగ దేవతే!"

"దేవతనే. నీ అసొంటోణ్ణి కంటే తెలుస్తుండె ఆమెకు."

మా హోటల్లో మారయ్య ముందు ఓనరు కూడా గొంతు పెంచడు. ఇక్కడేమో "ఏ మారిగా, కాళ్ళు కడుక్కోకుంట అరుగెక్కినవంటే చీపురు తిరగేస్త" అని కేక పడేది. ఆయన నవ్వుకుంటూ బావి దగ్గరికి పోయేవాడు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, తను హోటల్ మిద్దె మీద రేకుల గదిలో. తిన్నాక ఆ అరుగు మీద తువ్వాల పరుచుకుని పడుకునే కాసేపే ఆయన ఒక ఇంట్లో మనిషి. అది నాకు తెలుసు, ఆయన చెప్పకపోయినా తెలుసు.

అట్లాంటిది, ఓ రోజు బుచ్చవ్వ బర్రెను కట్టేస్తూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని వచ్చి, "చెయ్యి బాగయ్యేదాంక బంద్. ఎవల గతి వాళ్ళు చూస్కోండ్రి" అని చెప్పేసింది. పక్కింటావిడ ఆమెకు అన్నం పంపిస్తోంది. మాకెవరు పంపుతారు? చక్రపాణి బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని బతికాడు. బక్కయ్య మిర్చి బజ్జీల బండి దాకా పోయి, ఆ మూకుడు చూసి వెనక్కొచ్చాడు. మారయ్య అరటిపండ్లు తిని తిని నా మీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. మూడు హోటళ్ళ కూరలు ఎదురుగా ఉడుకుతుంటే ఆకలితో తిరిగిన వెధవలం మేమే అయి ఉంటాం.

అంతలో ఏదో పార్టీ బంద్‌కు పిలుపిచ్చింది. హోటళ్ళన్నీ మూసేశారు. "మనమే పోయి అవ్వ ఇంట్ల వండుదాం. ఆమె కూడ మన చేతి వంట తింటది. ఉత్త పప్పన్నం, అయిదుగురికి" అన్నాడు మారయ్య. ముగ్గురు మాస్టర్లు, అయిదుగురికి పప్పు. ఇందులో కష్టమేముంది?

కష్టమల్లా ఆ అయిదుగురితోనే వచ్చింది. మారయ్య జన్మలో అయిదుగురికి వండలేదు. ఆయన పిడికిలితో ఉప్పు వేశాడు. వేశాక రుచి చూసి, మొహం మాడ్చుకుని, ఇంకాస్త పప్పు పొయ్యమన్నాడు. పప్పు చిక్కబడింది. నీళ్ళు పోశారు. నీళ్ళకు కారం చాలలేదు. బక్కయ్య కారం వేశాడు, అతనిదీ పిడికిలే. గిన్నె పొంగి పొయ్యి ఆరిపోయింది.

"అవ్వగారూ, పెద్ద గిన్నె ఉందాండీ?" అన్నాడు చక్రపాణి. అతనిది గుంటూరు వైపు.

"నా ఇంట్ల పెండ్లి ఉన్నదా కొడుకా, గుండిగలు పెట్టుకునేతందుకు?"

కాలనీ సంఘం సెక్రెటరీ విశ్వేశ్వరరావుగారింట్లో వినాయకచవితి గుండిగలున్నాయని తెలిసి నేనే పోయి అడిగి తెచ్చాను. గుండిగ రాగానే మాస్టర్ల మొహాలు వెలిగిపోయాయి. ఇంక వాళ్ళను ఆపేవాడెవడు? గుండిగకు తగ్గ పప్పయింది. అంత పప్పుకు అంత అన్నం కావాలి కదా. చక్రపాణి సాంబారన్నాడు. ఉత్త సాంబారేంది అని బక్కయ్య బగారన్నం ఎక్కించాడు. మారయ్య గుత్తివంకాయ మొదలుపెట్టాడు. బియ్యం మొదలు వంకాయల దాకా ఒక్కో ఇంటి నుంచి ఒక్కోటి అడిగి తేవడానికి నా కాళ్ళు అరిగాయి. చివర్న ముగ్గురూ మూడు మూకుళ్ళలో ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేసి పోపు పెట్టారు. ఛయ్యిమని కాలనీ అంతా లేచి కూర్చుంది. బంద్ రోజు, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు గిన్నెలు పట్టుకుని గోడ పక్క లైను కట్టారు.

వడ్డించి వడ్డించి నా నడుం పడిపోయింది. మాస్టర్లకు ఆ పొగకు మామూలుగానే తిండి మీదికి చెయ్యి పోక, మూల కూర్చుని అరటిపండ్లు తిన్నారు. బుచ్చవ్వ మాత్రం గడపలో కూర్చుని, ఎడమ చేత్తో, ఎవరితో మాట్లాడకుండా తింది. వంకాయ మళ్ళీ వేయించుకుంది. పప్పులో మాడిన ఎండుమిర్చి ఏరుకుని మరీ నమిలింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, "కారమైందా అవ్వా?" అన్నాను.

"కాలే. నువ్వు పో, నన్ను తిననీ" అంది.

అప్పుడొచ్చాడు విశ్వేశ్వరరావుగారు, వేళ్ళు నాక్కుంటూ. "అమ్మా, చేతికి కట్టుండగానే గడపలో కూర్చుని వీళ్ళ చేత ఇంత వంట చేయించారు! మీ ఇంట్లో ఇంత రుచి ఉందని తెలీక ఇన్నాళ్ళూ ఏం కోల్పోయామండీ! మా కాలనీలో ఆడవాళ్ళు కూడా ఉద్యోగాలకు పోతున్నారు. మధ్యాహ్నం భోజనం మీరే పెట్టండి. నెల నెలా సంఘం తరఫున నేనే ఇప్పిస్తాను" అన్నాడు.

బుచ్చవ్వ చెయ్యి కడుక్కుని, "కట్టు విప్పినాంక రాండ్రి, సూద్దాం" అంది.

మా గుండెల్లో రాయి పడింది. ఆ అరుగు మీద పట్టేదే పదిమంది. కాలనీ వచ్చి కూర్చుంటే మేమెక్కడ? మా నోటికాడి కూడు మేమే, అదీ గుండిగల్లో వండి, చేతులారా పోగొట్టుకున్నాం. "నీ పిడికిలి మండ!" అని బక్కయ్య మారయ్య మీద ఎగిరాడు. మారయ్య మాత్రం దారిలో నాతో, "అవ్వకు జర ఆసరైతదిరా. అడ్డంపడొద్దు. మనం ఇంకేడనన్న తిందాం" అన్నాడు. ఆ మాటంటూ పండ్ల మార్కెట్ లారీల వైపు మొహం తిప్పుకున్నాడు.

కట్టు విప్పాక కాలనీవాళ్ళు టిఫిన్ క్యారియర్లతో వచ్చిన రోజు మేమూ పోయాం, మూడింటికి, చివరిసారిగా కాళ్ళు కడుక్కుని అరుగెక్కుదామని. వాకిట్లో విశ్వేశ్వరరావుగారు ఎదురొచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఆ బంద్ రోజు వండించిందీ ఈవిడేనా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "కూర ఏదమ్మా అంటే ఇదేనంటుంది. పులుసు కాగబెట్టలేదేమంటే కాగబెట్టరంటుంది. మా ఆవిడ ఒక్క ముద్ద తిని లేచింది. పెద్దావిడ, ఏమీ అనలేకపోయాం. రేపట్నుంచి ఎవరింట్లో వాళ్ళం వండుకుంటామయ్యా" అంటూ ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపల ఆ చవితి గుండిగ నిండా గట్క. మేము సంతోషం పట్టలేకపోయాం గానీ మారయ్యకు మాత్రం కోపం ముంచుకొచ్చింది.

"ఏందవ్వా గిది? కాళ్ళకాడికొచ్చిన బేరం! జర పోపన్న పెట్టకపోతివి? రాదంటే నన్ను పిలువకపోతివి?"

"నాకు రాదారా?" బుచ్చవ్వ గయ్యిమంది. "మా ఇంట్ల పండుగైతే ఊరంత నా చేతి పోపు వాసనకే ఒస్తుండె. రాదట!"

"మరి?"

"మొదటిదినం నువ్వీడ కూసున్నవు గదా. నేను లోపల చారుకు పోపు పెట్టిన. నువ్వు ముక్కు మూసుకొని మోరీ కాడికి ఉరికినవ్. పొద్దటిసంది తినని మనిషి, ఉత్త నీళ్ళే కక్కినవ్. అప్పటిసంది నా ఇంట్ల పోపు పెట్టలే. కాలనీవోళ్ళకు పెడితే గా వాసనకు మీరేడ కూసుంటరు? ఏడ తింటరు? గందుకే ఎల్లగొట్టిన. ఇగ కూసోండ్రి, గట్క సల్లారుతది."

ఎవరమూ కూర్చోలేదు. బంద్ రోజు ఆమె మాడిన ఎండుమిర్చి ఏరుకుని నమలడం గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు?

మారయ్య మాత్రం భుజం మీది తువ్వాల తీసి ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకున్నాడు. ఆమె గిన్నెలోకి ఇంత పప్పు తీసుకుని పెరట్లో పొయ్యి దగ్గరికి పోయాడు. కాసేపటికి ఆవాలు చిటపటమన్నాయి, వెనకే మారయ్య దగ్గు.

అప్పట్నుంచి అదే వాడుకైంది. మేము తినడానికి ముందు ఒక మాస్టర్ మూతికి తువ్వాల కట్టుకుని పెరట్లోకి పోవాలి, బుచ్చవ్వ ఒక్కదానికి పోపు పెట్టి రావాలి. ఆమె గడపలోంచే వాసన చూసి, "ఆవాలు మాడినయ్ గదరా మారిగా! గీ చేతికేనా జనం స్కూటర్లేస్కొని ఒచ్చేది?" అని కేకేసేది. దిల్‌సుఖ్‌నగర్‌లో అంత పేరున్న మాస్టరు తువ్వాల లోపల్నుంచి, "రేపు మంచిగ పెడ్తనవ్వా" అనేవాడు.