యలహంకలో ఈస్టు ఆకలి

"సార్, పాత ఈస్టునే మళ్ళీ పెంచుతున్నాం. ఈసారీ టీకా ప్రొటీన్ రాకపోతే పని మూసేస్తారు. ఒకసారి వచ్చి చూడండి" అని నేను ఒకప్పుడు పనిచేసిన ల్యాబ్ నుంచి సుజాత ఫోన్ చేసింది. ఆ ఈస్టు పనికిరాదని చెప్పి పదిహేనేళ్ళ కిందట పక్కన పెట్టించింది నేనే. రానని ఎలా అనను?

ఉదయం ఆరున్నరకు హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి సీటులో ఒక కోళ్ళరైతు. కోడిపిల్లల్ని చంపే గంబోరో రోగం గురించి అడిగితే, "మూడో వారంలో పిల్లలు తలలు వాల్చేస్తాయి సార్, షెడ్డులోకి పోను కాళ్ళు రావు" అన్నాడు.

యలహంకలో దిగి, పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. కోళ్ళ టీకా ల్యాబ్ అనగానే డ్రైవరు నవ్వాడు. "అది ఇంకా ఉండాదా? కోడికి సూదేసి బతికిస్తారు, ఆమీట మనం కోసుకుని తింటాం. ఏం లోకమప్పా!"

తలుపు తీయగానే అదే వాసన, పులిసిన పిండీ రొట్టే కలిసినట్టు. ఈ వాసనలోనే సుజాతా నేనూ ఒకే కాఫీని బైటూ అని చెరిసగం పంచుకుని తాగేవాళ్ళం. గంబోరో వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారుచేసేలా ఈ ఈస్టును మలిచింది ఆవిడే. టీకాకు వైరస్ అక్కర్లేదు, ఆ ప్రొటీన్ చాలు. ముందు గ్లిసరాల్ మేపి ఈస్టును పెంచాలి. అది పూర్తిగా అయిపోయి ఆకలేశాకే మిథనాల్ కొద్దికొద్దిగా ఇవ్వాలి, అది తింటేనే ఈస్టు ఆ ప్రొటీన్ చేస్తుంది. ఎక్కువైతే విషం. అప్పట్లో నేను ఆగలేక ముందే పోశాను, ఎక్కువే పోశాను. ఈస్టు చచ్చింది. నేరం దాని మీదే వేశాను.

ఈస్టుకు ఆకలేస్తే తొట్టిలో ఆక్సిజన్ అంకె ఒక్కసారిగా లేస్తుంది. సాయంత్రం నాలుగైనా అది కదల్లేదు. నేను కుర్చీలోంచి లేచాను.

"అయిపోయే ఉంటుంది సుజాతా, మొదలుపెట్టు."

"అప్పుడూ ఇదే మాటన్నారు. కూర్చోండి సార్, చేతులు జేబులో పెట్టుకోండి."

కూర్చున్నాను. ఐదు దాటాక అంకె ఎగిరింది. సుజాత గొట్టం మర తిప్పింది. మిథనాల్ చుక్కచుక్కగా దిగింది.

రాత్రి స్టేషను దగ్గర లాడ్జిలో పడుకున్నాను. మరునాడు సాయంత్రం తిరుగు బండి ఎక్కాను. అప్పటికింకా ప్రొటీన్ పరీక్ష పూర్తికాలేదు. దొడ్డబళ్ళాపురం దాటుతుండగా ఫోన్‌లో ఫొటో వచ్చింది. ప్రొటీన్లను విడదీసి చూపే జెల్ మీద, ఉండాల్సిన చోటే, ముదురు నీలం గీత. ఆ ప్రొటీన్ వచ్చింది. నా మాట తప్పు అని తేలినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"తప్పు నీ ఈస్టుది కాదమ్మా, నాది" అని రాశాను.

జవాబు గౌరిబిదనూరులో వచ్చింది.

"తెలుసు సార్. అందుకే దాన్ని పారేయలేదు. మిమ్మల్నీ పిలిచాను."