అక్క వేళ్ల అచ్చులు

మా బావకి కోపం రాదు. రావలసిన చోట కూడా రాదు, అదే నాకు ఒళ్లు మంట. మూడు వేళ్లు దూర్చి పట్టుకుని, నేల మీద దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ బంతుల ఫ్యాక్టరీలో రెజిన్ జిగురు కలిపి మూసల్లో పోసే పని ఆయనది. అదే షెడ్డులో ప్యాకింగ్ నాది. ఆట సంఘం వాళ్లు పరీక్ష చేసి, మా ఎర్ర బంతులు ఉండాల్సినదానికన్నా మెత్తగా ఉన్నాయనీ, ఇక పోటీల్లో చెల్లవనీ తేల్చేశారు. రెజిన్ గట్టిపడే మందు తగ్గించమన్నది యజమానే. తల వంచుకున్నది మాత్రం బావ. ఎవరైనా పాత బంతి తెస్తే, ముందు దాన్ని వాళ్ల కళ్లెదుటే రెండు ముక్కలుగా కోసి, ఆ తర్వాతే కొత్తది ఇవ్వాలని హుకుం జారీ అయింది. ఆ రంపం దగ్గర కూడా బావనే నిలబెట్టారు.

"నువ్వు పోసినవి నువ్వే కోస్తావా? నోట్లో నాలుక లేదా నీకు?" అన్నాను.

"ఎవరో ఒకరు కొయ్యాలిగా" అన్నాడు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటూ.

రోజంతా కోసేవాడు. కనుబొమల మీద ఎర్రటి పొడి పేరుకునేది. వచ్చినవాళ్లు తిట్టిపోస్తున్నా, కొత్త బంతి తుడిచి మరీ చేతికిచ్చేవాడు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మా అక్కదీ ఆ ఎర్ర బంతే. బావ స్వయంగా పోసి, ఆమె వేళ్ల కొలతకి మూడు రంధ్రాలు తొలిచి ఇచ్చాడు. అక్క పోయాక దాంతో మా మేనకోడలు ఆడుతోంది. బొటనవేలికి ఎప్పుడూ టేపు చుట్టుకునేది. ఈ కాలం పిల్లల షోకులని నేను ఆట పట్టించేవాణ్ణి. దాని పోటీ దగ్గరికొచ్చింది. బంతి మార్చకపోతే ఆడనివ్వరు. కోసేస్తే అక్క చేతి కొలత ఇంకెక్కడా మిగలదు.

"ఇదొక్కటీ కొయ్యకు బావా. కోశానని చెప్పి కొత్తది తెచ్చుకో. ఎవడు చూడొచ్చాడు?"

"అందరివీ కోశాను. మీ అక్కదని దాచుకుంటానా?"

కోసే ముందు మాత్రం రంధ్రాలకి నూనె రాసి, వాటిలో రెజిన్ పోశాడు. గట్టిపడ్డాక మెల్లగా లాగితే అక్క వేళ్ల కొలతకి మూడు అచ్చులు వచ్చాయి. వాటిని చొక్కా జేబులో వేసుకుని రంపం వేశాడు. చూడలేక బయటికి వచ్చేశాను. ఏడ్చాను, అబద్ధమెందుకు.

ఆ అచ్చుల కొలతకే కొత్త బంతిని తొలిచాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా. అమ్మాయి వేళ్లు పెట్టి, ముఖం చిట్లించి, వెంటనే నవ్వేసింది.

"బిగుతుగా ఉందామ్మా?" అన్నాడు బావ.

"లేదు నాన్నా. అమ్మదానిలాగే ఉంది."

"అమ్మది నీకు బిగుతా?"

అది చెయ్యి వెనక్కి లాక్కుంది. బావ దాని చెయ్యి పట్టుకుని టేపు విప్పాడు. బొటనవేలి కణుపు దగ్గర చర్మం లేచిపోయి పచ్చిపుండుగా ఉంది.

"చెప్తే నువ్వు వెడల్పు చేసేస్తావుగా. అప్పుడు అది అమ్మ చెయ్యి కాదుగా నాన్నా" అంది.

బావ దాని వేళ్లకి కొలత తీసుకుని, బంతిని మళ్లీ మిషను మీదికి ఎక్కించాడు. అమ్మాయి ముఖం తిప్పేసుకుంది. ఆయన మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తూ తొలిచాడు.

ఈసారి వేళ్లు సులువుగా దిగాయి.

"సరిపోయిందా?"

"సరిపోయింది నాన్నా" అంటూ భోరుమంది.