బోధన్ బడిలో పర్దా పడిన పరీక్ష

బోధన్ ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు పరీక్ష నాడు పర్దా తాడు తెగిందని అందరూ అనుకున్నారు. తాడు తెగలేదు. నేనే లాగాను. ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నలుగురిలో గొంతు పెగలని నేను అంత పని చేయగలనని ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

నిజాం పాలనలో, పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేస్తున్న రోజుల్లో, నిజామాబాద్ నుంచి నన్ను ఆ బడికి ఇంగ్లీషు పంతులమ్మగా పంపారు. అమ్మ తోడు వచ్చింది. ఇప్పుడు ఆ కొలువులో లేను. ఆ పని ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

అప్పట్లో ఇంగ్లీషు చెప్పడమంటే మానేలు బట్టీ పట్టించడమే. మానే అంటే అర్థం. ఒక ఇంగ్లీషు మాట, పక్కన దాని ఉర్దూ మానే, కింద తెలుగు. లుక్ అంటే చూచుట, ఆఫ్టర్ అంటే తరువాత. ఈ రెండూ గడగడా అప్పజెప్పిన పిల్లకు 'లుక్ ఆఫ్టర్ ది చైల్డ్' అంటే బిడ్డను సాకమనడమని తెలిసే దారే లేదు. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు కొల్లలు. క్రియ పక్కన ఒక చిన్న మాట చేరుతుంది, రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తాయి, విడదీస్తే ఆ అర్థం పోతుంది. పిల్లలకు నేను మన 'పడు'ను చూపించేదాన్ని. నిలబడినవాళ్లు కింద పడ్డారా, సిగ్గుపడినవాళ్లు పడ్డారా, ఇదీ అంతే అని.

అందుకే బట్టీ మాన్పించి చేతలతో చెప్పాను. 'పిక్ అప్' అంటే గిన్నె ఎత్తాలి. 'రోల్ అప్' అంటే చాప చుట్టాలి. 'హోల్డ్ అవుట్ యువర్ హ్యాండ్' అంటే చెయ్యి చాపాలి. పక్క గదిలోంచి పెద్ద పంతులమ్మ, "ఇది బడా, బొమ్మలాటనా?" అని అరిచేవారు. పిల్లలు నోరు నొక్కుకుని నవ్వేవారు.

అందరికన్నా చురుకైనది గంగు. రుద్రూర్‌లో చెరుకు పండించే రైతు కూతురు, బోధన్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదివేది. కొత్తగా తెరిచిన దవాఖానలో నర్సు పని నేర్పడానికి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. అక్కడి దొరసాని డాక్టరమ్మకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు, అందుకని ఇంగ్లీషులో పాసైనవాళ్లనే రమ్మన్నారు. గంగు తండ్రి ఆ మాట విని నా ఎదుటే కూతురితో చెప్పాడు. "ఒక్కపారి సూస్త బిడ్డా. పాసైతె దవాఖానకు పో. కాకుంటె తోటల మీ అవ్వకు తోడు రా."

ఆడపిల్లల బడులకు తనిఖీ అధికారిణి ఉండేవారు. ఆ యేడు ఆమె సెలవులో ఉండడంతో మొహతమీం సాహెబు, అంటే జిల్లా బడుల తనిఖీ అధికారి, తానే వచ్చారు. ఆయన మగవారు, పిల్లలు ఆయన కంట పడకూడదని గదికీ వరండాకూ మధ్య ముదురు ఎరుపు పర్దా కట్టారు. ఆయన వరండాలో కుర్చీ మీద. మేము కిటికీలు మూసిన గదిలో, పట్టపగలు దీపం పెట్టుకుని. పరీక్ష జరుగుతుండగా పాఠం చెప్పిన పంతులమ్మ ఒక్క మాట మాట్లాడినా అందించినట్టు లెక్క, తరగతి మొత్తం పరీక్ష రద్దు.

ముందు గంగునే పిలిచారు.

"టేక్ ఆఫ్," అన్నారు సాహెబు.

గంగు చేతి కడియం తీసి చూపించింది. పర్దాకు చూపించింది! అవతల కలం గీసిన చప్పుడు. "జవాబ్ నదారద్." జవాబు లేదట.

"రోల్ అప్."

గంగు తటాలున కూర్చుని చాప చుట్టేసింది. "జవాబ్ నదారద్."

ఆ పిల్ల నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేస్తోంది, ఆయనకు బట్ట తప్ప ఏమీ కనిపించడం లేదు. పెద్ద పంతులమ్మ అంతా చూస్తున్నారు. మాట్లాడకూడదన్నది నాకే, ఆమె పలకవచ్చు. పలకలేదు.

"పుట్ అవుట్."

గంగు దీపాన్ని ఉఫ్ మని ఊదేసింది. గది చీకటైంది. ఆ చీకట్లో నా చెయ్యి పర్దా తాడు పట్టుకుని లాగింది.

పర్దా ఊడి, వెలుతురు ఒక్కసారిగా మీద పడింది. ఎదురుగా సాహెబు. ఆయన ఎదురుగా కడియం తీసిన చేత్తో, చుట్టిన చాప చంకలో పెట్టుకుని, పొగలు కక్కుతున్న దీపం పక్కన గంగు. అడిగిన మూడింటికీ జవాబులు అక్కడే ఉన్నాయి. ఆయన చూశారు. ముఖం గోడకు తిప్పుకునేముందు, పైనుంచి కిందిదాకా నిదానంగా చూశారు.

బడి ఆయా పరుగున వచ్చి పర్దా మళ్లీ కట్టింది. అవతలినుంచి అదే గొంతు. "జవాబ్ నదారద్."

గంగు ఊరుకోలేదు. "దీపమార్పిన గద సారూ! కండ్లార సూసి మల్ల లేదని రాస్తరేంది?"

"నేనేమీ చూడలేదు," అన్నారు సాహెబు తెలుగులోనే. "పర్దా వెనక చూడడం నా పని కాదు. రాసింది కొట్టెయ్యను. తరువాతి పిల్ల."

తరువాతివాళ్లు సంగతి గ్రహించి జవాబులు గట్టిగా నోటితో చెప్పారు. అందరూ పాసయ్యారు, గంగు తప్ప.

సాయంత్రం పెద్ద పంతులమ్మ దగ్గరికి వెళ్లాను. ఆయన చూశారని మీరు ఒక్క మాట రాసిస్తే చాలన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు. "ఆయన సూసిండని నేను రాస్తె రేపు ఈ బడికి ఒక్క పిల్లనన్న వస్తదా? నోరు మూసుకో బిడ్డా."

ఆ మాటలో నిజముంది. అందుకే మరింత మండిపోయాను, ఇప్పటికీ మండిపోతున్నాను. చూశానంటే పర్దా తప్పినట్టు, చూడలేదంటే పిల్ల తప్పినట్టు. ఇద్దరు పెద్దవాళ్లు తూచి చూసి, పిల్ల తప్పడమే మేలనుకున్నారు. మర్యాదస్తులు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటారు.

ఆ యేడు చివర కొలువు మానేశాను. పాఠం చెప్పే పద్ధతి ఎంత మంచిదైనా, పరీక్ష పెట్టేవాడు ఎక్కడ కూర్చుంటాడో చూసుకోకుండా చెబితే దాని నష్టం పిల్ల భరిస్తుంది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

ఫలితం తెలిసిన మర్నాడు గంగు తండ్రి బండి తెచ్చాడు. నేను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను. గంగు మూట సర్దుకుని కూర్చుని నా వైపు వంగింది.

"మల్లొచ్చె పోరిలకు ముందుగాలనే చెప్పుండ్రి పంతులమ్మా. పని చేస్తె సాలదు, చేసినమని గొంతెత్తి ఒర్రాలె."