ఆరు మ్యాచ్‌లు, ఏడుగురు కబడ్డీ ఆటగాళ్ళు

2023 ఆగస్టు 21, సోమవారం, ఉదయం ఆరున్నర. ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన లేదు. శంషాబాద్ దగ్గరి ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా నాకది చివరి విద్యా సంవత్సరం. ఈ పదవిలో ఉన్నవారు జట్లను ఎంపిక చేసి తర్ఫీదు ఇస్తారు. హోదాలో అధ్యాపకులతో సమానులే అయినా సమావేశాల్లో చివరి కుర్చీ వారిదే. ఆ ఉదయం ప్రిన్సిపాల్‌గారు మైదానానికి వచ్చారు. అంతర్ కళాశాలల లీగ్‌లో మన ఫుట్‌బాల్ జట్టు క్రితం ఏడాది ఒక్క గోల్ కూడా చేయలేదనీ, ఈసారీ చేయకపోతే జట్టును రద్దు చేసి, మైదానాన్ని కళాశాల బస్సులు నిలపడానికి కేటాయిస్తామనీ తెలియజేశారు. లీగ్‌లో మ్యాచ్‌లు ఆరు. నాకు కావలసింది ఒక్క గోల్.

ఎంపికకు ఫుట్‌బాల్ తెలిసినవారు నలుగురే వచ్చారు. కబడ్డీ బరిలోకి దిగేది ఏడుగురు. ఏడూ నాలుగూ పదకొండు. అంకె కుదిరింది కనుక జట్టు కుదిరినట్టే భావించి, కబడ్డీ జట్టును మొత్తంగా తీసుకున్నాను. కెప్టెన్ నర్సింలు చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న రైడర్, అంటే ఎదుటి బరిలోకి ఒంటరిగా వెళ్ళి, ఎవరినైనా ముట్టి, మధ్య గీత దాటి తిరిగి రావలసినవాడు.

మొదటి మ్యాచ్ షాద్‌నగర్‌లో. పన్నెండో నిమిషంలో నర్సింలు బంతితో ఇద్దరిని దాటాడు. మూడోవాడి భుజం ముట్టాడు. ముట్టి, బంతిని అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి మధ్య గీత వరకు పరుగెత్తి రెండు చేతులూ పైకెత్తాడు. తోటివారు అతణ్ణి కావలించుకున్నారు.

"బంతేదీ?" అని గీత బయటినుంచి అరిచాను.

"ముట్టి వచ్చిన గద సార్!"

మా గోల్‌కీపర్ డేవిడ్ వెనకనుంచి మొత్తుకున్నాడు. "అన్నా, పాయింట్ తర్వాత అడుగుదువు గాని, జర ఇటు జూడు! బంతి నా దిక్కే వస్తుంది!"

వచ్చింది. లోపలికే వచ్చింది.

రెండో మ్యాచ్‌లో మా డిఫెండర్లు ఇద్దరు చేతులు గొలుసు కట్టి ఎదుటి ఫార్వర్డ్‌ను అమాంతం ఎత్తేశారు. రిఫరీ పెనాల్టీ ఇస్తే వారికి అన్యాయమనిపించింది. "కింద పడెయ్యలే సార్, మెల్లగ కూసోబెట్టినం" అని విన్నవించుకున్నారు. ఫ్రీ కిక్‌కు అడ్డుగోడ కట్టడంలో మాత్రం లీగ్‌లో మమ్మల్ని మించినవారు లేరు. అయిదు మ్యాచ్‌లు ముగిసేసరికి మాపై ఇరవై ఏడు గోల్స్ పడ్డాయి. మేం చేసినవి సున్నా.

అక్టోబర్ 2, సెలవు రోజు, నర్సింలును ఒక్కణ్ణే పిలిచాను. బంతితో వెళ్ళేటప్పటికంటే ముట్టి తిరిగి వచ్చేటప్పుడు అతడి వేగం ఎక్కువ. దాన్ని వాడుకోదలచాను.

"నీ గీత ఇక మధ్యలో లేదు. వాళ్ళ గోల్ గీతే నీది. ముట్టాక అటే పరుగెత్తు."

"దమ్ము వట్టాల్నా సార్?"

"పట్టు. కానీ బంతి లేకుండా చేరితే పాయింట్ లేదు."

మర్నాటి సాధనలో మెరుపులా వచ్చి వలలో పడ్డాడు. బంతి పది గజాల వెనక ఉండిపోయింది. "అన్నా, నువ్వొచ్చినవ్ సరే, సామాను ఏడ మరిచినవ్?" అని డేవిడ్ అడిగితే జట్టంతా గడ్డి మీద దొర్లింది.

అక్టోబర్ 7, శనివారం, మా మైదానంలో ఆరామ్‌ఘర్ వైపు కళాశాలతో చివరి మ్యాచ్. ఎనభై ఒకటో నిమిషానికి 0-4. డేవిడ్ తన్నిన బంతి మధ్య గీత దగ్గర నర్సింలుకు అందింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ అతడు బయలుదేరాడు. మొదటి డిఫెండర్‌కు నవ్వాగలేదు. రెండోవాడు నోరు తెరిచి నిలబడ్డాడు. మూడోవాడి చొక్కాను వేలికొనతో ముట్టి, ఇల్లు చేరవలసినవాడిలా పరుగెత్తి, బంతితో సహా వలలో పడ్డాడు. పడి కూడా కబడ్డీ ఆపలేదు.

ఎదుటి కెప్టెన్ రిఫరీ మీదికి వచ్చాడు. "గిదేం ఆట సార్! నోటితోని పరేషాన్ చేస్తుండు, గోల్ ఎట్లిస్తరు?"

అభ్యంతరం సహేతుకమే. మాటలతో ప్రత్యర్థి దృష్టిని కావాలని మళ్ళిస్తే నేరం, గోల్ చెల్లదు. ఎందుకలా అన్నావని రిఫరీ నర్సింలునే అడిగారు. ఆయన అనుమతి లేనిదే నేను గీత దాటరాదు. మైదానం ఉండాలో పోవాలో తేల్చే జవాబు, ఇంకా ఊపిరి అందని ఆ అబ్బాయి నోట్లో ఉంది.

"వాళ్ళతోని నేనేం మాట్లాడలే సార్. ఆపితె నేనే అవుట్ గద!"

రిఫరీ పెదవి కొరుక్కున్నారు. వెనక్కి తిరిగి మధ్య వృత్తం వైపు చెయ్యి చూపారు. అలా చూపితే గోల్ చెల్లినట్టు.

ఆట చూడవచ్చిన ప్రిన్సిపాల్‌గారు చప్పట్లు కొడుతూ కుర్చీ ఎక్కారు. డేవిడ్ మా గోల్‌ను గాలికి వదిలేసి మైదానం పొడవునా పరుగెత్తి అందరి మీదా దూకాడు. రెండు జట్లూ తమ తమ సగాల్లోకి చేరేవరకు ఆట తిరిగి మొదలుకారాదన్న నిబంధన ఆ పూట మమ్మల్ని కాపాడింది.

ఒక అలవాటును మాన్పించడానికి నేను వెచ్చించినవి ఆరు వారాలు, ఫలితం లేదు. దాని దిశ మార్చడానికి అయిదు రోజులు చాలాయి. తర్ఫీదు గురించి నాకు తెలిసినది ఇంతే. బస్సులు నేటికీ రోడ్డు పక్కనే నిలుస్తున్నాయి. ఆ సీజన్ తుది లెక్క: ఆరు మ్యాచ్‌లు, ఆరు ఓటములు, మాపై పడిన గోల్స్ ముప్పై ఒకటి, మేం చేసినది ఒకటి.