తమ్ముడి పేరున అల్లిన మఫ్లర్లు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, మా చర్చి ఆడపిల్లలు ఎర్ర ఊలుతో పూలు అల్లుతూ కూర్చున్నారు. యుద్ధాల్లోనూ సరిహద్దుల్లోనూ పోయిన సైనికుల పేర్లు రాసి పెట్టే పలక చుట్టూ వాటిని కడతారట. అల్లిక చూపించమని నా చేతికి సూదులిస్తే, ఒక్క వరసైనా వెయ్యలేక, కళ్లు ఆనడం లేదని అబద్ధమాడి ఇంటికి వచ్చేశాను.

చేతకాక కాదు. గోదావరిఖని క్వార్టర్లలో మా లైనులో అందరికంటే ముందు అల్లిక నేర్చుకున్నది నేనే. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తమ్ముడు మాత్రం బాయి దిగనని పట్టుబట్టి మిలిటరీలో చేరాడు. మంచుకొండల్లో డ్యూటీ పడిందని వాడు ఉత్తరం రాస్తే స్వెటర్ అల్లాను. తీరా చూస్తే మెడ దగ్గర వంకర పోయింది. అట్లాగే పంపించమని అమ్మ ఎంత పోరినా వినకుండా, తోటివాళ్లు వాణ్ణి చూసి నవ్వుతారని, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను. అది సగంలో ఉండగానే, మంచు విరిగిపడి వాడు పోయాడని కబురొచ్చింది.

ఆ తర్వాత నేను సూదులు ముట్టలేదు. మా లైను ఆడవాళ్లు మాత్రం, మగవాళ్లను షిఫ్టుకు పంపి, మధ్యాహ్నాలు మా వాకిట్లో చేరి, వాడి పేరున, వాడితో పనిచేసిన పిల్లలకు మఫ్లర్లు అల్లసాగారు. పల్లె నుంచి వచ్చి, అంతవరకు పొలం పని తప్ప ఎరగని అమ్మ వాళ్ల పక్కన కూర్చుని, వేళ్లు తిరగకపోయినా, ఒక్కో వరసే నేర్చుకుంది. మఫ్లర్లు పంపే రోజున, మూట కడుతున్నదల్లా చేతులాపి నన్నడిగింది.

"బిడ్డా, ఆకరికి వానికి సలివెట్టిందంటవా?"

"లేదమ్మా, వాళ్లకు సర్కారే మంచి కోట్లిస్తది" అన్నాను.

"గట్లనా" అని మళ్లీ మూట కట్టుకుంది. స్వెటర్ మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, బతికున్నన్నాళ్లూ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. అక్కడి ఆడవాళ్లలో కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు, కొందరు మట్టిలో కలిశారు. మీలో ఆ రోజులెరిగినవాళ్లకు తెలుసు, ఒక ఇంటి పిల్లవాడు పోతే లైనంతా నెలల తరబడి ఆ వాకిలి విడిచేది కాదు. ఇప్పుడు చావు కబురు వస్తే ఫోన్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాం, నేనూ అంతే. మా తమ్ముడు ఎట్లా నవ్వేవాడో ఎరిగిన మనిషి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే మిగిలాను.